జిల్లేడాకు మోసిన నింద

ముప్పై ఏళ్ళ కిందట నాచారంలో ఒక కబడ్డీ ఆటగాడి మోకాలు గుమ్మడికాయలా వాచింది. అది నా చేతుల మీదుగా జరిగింది. ఆ సంగతి నేను అప్పుడు చెప్పలేదు. అబద్ధం కూడా ఆడలేదు. పదిమంది చూస్తుండగా "అదీ సంగతి" అన్నానంతే. నింద వెళ్ళి ఆటగాడి అత్తగారి మీద పడింది. పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆ మోకాలు ఆపరేషన్ లేకుండా బాగయింది. ఆటగాడు మళ్ళీ కూతకు వెళ్ళాడు. నాకు శాలువా కప్పారు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా "కత్తి పెట్టకుండా మోకాలు నిలబెట్టే సారు" అని పేరొచ్చింది. ఫిజియోథెరపీ చదువుకునే పిల్లలు పిలిచినప్పుడల్లా ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. ఇప్పుడు ఆ ముక్కతో సహా రాస్తున్నాను. భయపడకండి, కథ చాలావరకు సంతోషంగానే ఉంటుంది. నేను మాత్రం అక్కడక్కడా మీకు నచ్చకపోవచ్చు.

తొంభైల మొదట్లో మాట. చదువు పూర్తి చేసి కోస్తా నుంచి కొత్తగా వచ్చాను. పొద్దున ఉప్పల్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో పని. సాయంత్రం షిఫ్టు మారే వేళకు సైకిలెక్కి నాచారంలోని ఒక పైపుల ఫ్యాక్టరీ డిస్పెన్సరీకి వెళ్ళేవాణ్ణి. నడుములు, భుజాలు, మెడలు చూసేవాణ్ణి. నా మాటతీరు అక్కడివాళ్ళకు పెద్ద వినోదం.

"సార్, కాలు చాపండి అంటున్నరు. నన్నంటున్నరా, నా కాలునంటున్నరా?" అని అడిగేవాడు కబడ్డీ జట్టు కెప్టెన్. లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి, వయసులో నాకన్నా పెద్ద.

"మిమ్మల్నేనండీ."

"సూడున్రి రా, మన కాళ్ళకు గూడ ఇజ్జత్ దొరికింది."

ఆ ఫ్యాక్టరీకి కబడ్డీ జట్టంటే ప్రాణం. ఏటా ఉప్పల్ వైపు మైదానంలో ఫ్యాక్టరీల మధ్య పోటీలు జరిగేవి. ఆ యేడు మేనేజర్ గారు ఒక మాట ఇచ్చారు. క్యాజువల్‌గా పనిచేస్తున్న వాళ్ళలో ఎవరైతే పోటీల్లో జట్టు తరఫున బరిలో దిగుతారో వాళ్ళను పర్మనెంట్ చేస్తామన్నారు. అలాంటివాడు జట్టులో ఒక్కడే. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన క్రిస్టియన్ కుటుంబం, ఇద్దరు చిన్న పిల్లలు, చాన్నాళ్ళుగా క్యాజువల్. కూతకు వెళితే పాములా దూరి చేపలా జారిపోయేవాడు. అతనికి ఆ పోటీ అంటే ఉద్యోగం.

అతని అత్తగారు వాళ్ళతోనే ఉండేది. ఫ్యాక్టరీ గేటు పక్కన మిర్చి బండి ఆమెది. అల్లుడు అత్తమ్మ అంటాడు కాబట్టి జట్టంతా అత్తమ్మ అనేది, జట్టు అంటుంది కాబట్టి ఫ్యాక్టరీ అంతా అనేది. మిర్చితో పాటు ఆమెకు ఇంకో పేరుంది. చెయ్యి బెణికినా, మడమ తిరిగినా బస్తీవాళ్ళు ఆమె దగ్గరికే పోయేవారు. జిల్లేడాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చబెట్టి, నొప్పి ఉన్నచోట పరిచి, మీద గుడ్డ చుట్టేది. ఆకు కన్నా ఆమె మాటలకే సగం నొప్పి పోయేది. "ఏడుస్తవేందిరా, బెణికింది చెయ్యి, నోరు గాదు" అనేది పిల్లలతో.

పోటీలకు ఇంకా కొన్ని వారాలుండగా ఒక సాయంత్రం ప్రాక్టీసులో ఇద్దరు కలిసి అతన్ని పట్టారు. పాదం నేలలో ఇరుక్కుంది, ఒళ్ళు తిరిగింది, మోకాలు లోపలికి వంగింది. నేను పరుగెత్తాను. మోకాలికి లోపలి వైపు పట్టీలా ఒక లిగమెంటు ఉంటుంది. అది కొంత చినిగిందని చెయ్యి పెట్టగానే తెలిసింది. ఐసు పెట్టాను, క్రేప్ బ్యాండేజ్ చుట్టాను. పాఠం ఒప్పజెప్పినట్టు అందరికీ వినపడేలా చెప్పాను.

"రెండు మూడు రోజులు వేడి అసలు తగలకూడదు. లోపల రక్తం కారుతూ ఉంటుంది. వేడి పెడితే ఇంకా కారుతుంది. ఐసు పెట్టండి, కాలు దిండు మీద ఎత్తు పెట్టండి."

ఇక్కడిదాకా నేను మంచి ఫిజియోథెరపిస్టునే.

మర్నాడు డిస్పెన్సరీలో కొత్త మిషన్ ప్రారంభం. నిప్పూ పొగా లేకుండా లోపలి కండను వెచ్చబెట్టే మిషన్ అది. అసలు పేరు నోరు తిరగనంత పొడుగు, అందరూ "కరెంట్" అన్నారు. తెప్పించమని మేనేజర్ గారి వెంటపడింది నేనే. ఆయన దానికి పసుపు కుంకుమ పెట్టించి, దండ వేయించి, నిమ్మకాయలు కట్టించి, కొబ్బరికాయ కొట్టారు. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన్ని కూడా పిలిచారు. అన్నీ ఉన్నాయి, రోగి లేడు. నడుం నొప్పి వాళ్ళంతా ఆ రోజు భయపడి రాలేదు. అప్పుడే కెప్టెన్ భుజం మీద చెయ్యేసి కుంటుకుంటూ మనవాడు కట్టు చూపించుకోవడానికి వచ్చాడు.

"ఇదిగో, మన స్టార్ ఆటగాడే వచ్చాడు" అన్నారు మేనేజర్ గారు. "పెట్టవయ్యా కరెంట్."

నేను నసిగాను. "సార్, ఇది నిన్నటి దెబ్బ..."

"నిన్నటిదైతే మరీ మంచిది. తొందరగా తగ్గుతుంది కదా."

హెడ్డాఫీసు పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నారు. జట్టంతా కిటికీల దగ్గర నిలబడింది. కొత్త తెల్లకోటు వేసుకుని ఉన్నాను. మిషన్ దీపాలు పచ్చగా వెలిగాయి. నిజం చెప్పాలంటే నాకే దాన్ని నడిపి చూపించాలని ఉంది. తక్కువలో పెట్టి కాసేపట్లో తీసేద్దాం, ఏమవుతుందిలే అనుకున్నాను. మోకాలికి అటూ ఇటూ ప్యాడ్లు పెట్టి మీట తిప్పాను.

"ఏమన్నా తెలుస్తుందా?" అని అడిగారు మేనేజర్ గారు.

"ఏం తెలుస్తలేదు సార్" అన్నాడు అతను అమాయకంగా.

"పెంచవయ్యా, పెద్దాయన చూడొద్దూ!"

పెంచాను. అతను "ఆ, ఇప్పుడు హాయిగున్నది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. కాసేపట్లో తీసేద్దామనుకున్నది ఫోటోలు తీసేదాకా సాగింది.

ఆ మర్నాడు అతన్ని ఇద్దరు ఎత్తుకొచ్చారు. కట్టు విప్పితే మోకాలి చిప్ప ఎక్కడుందో కనపడలేదు. చర్మం బిగిసి మెరుస్తోంది. వెంటే అత్తమ్మ వచ్చింది, చేతులకు శనగపిండితోనే.

ఏం చెయ్యాలో తోచక, మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాను. "ఇంట్లో ఏమైనా పెట్టారా?"

ఆమె గతుక్కుమంది. "మొన్న రాత్రి ఒక్క ఆకు పెట్టిన సారూ. గా ఆకు గూడ గోరువెచ్చగనే ఉండె. సారు వద్దన్నడని వీడు మొత్తుకుంటె జప్పున తీసేసిన."

"అదీ సంగతి" అన్నాను.

ఆకు పెట్టిన రాత్రి గడిచి తెల్లారితే మోకాలు ఎలా ఉందో నేను కళ్ళారా చూసినవాణ్ణి. మిషన్ పెట్టే ముందు దాన్ని చేత్తో తడిమినవాణ్ణి. ఆకు వల్ల ఏమీ కాలేదని నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు.

"ఏందత్తమ్మా, సారు అంతగనం జెప్పినంక గూడ ఎందుకు పెట్టినవ్?" అన్నాడు కెప్టెన్.

"మనసాగక పెట్టిన బిడ్డా." ఆమె వేళ్ళకున్న శనగపిండి నలుపుకుంది. "మంచిగైతదని పెట్టిన."

మేనేజర్ గారు తల పంకించారు. ఆయనకూ హాయిగా ఉంది, కొత్త మిషన్ మీదికి మాట రాలేదు. నేను ఐసు కోసం మనిషిని పంపాను. ఆ ఒక్క క్షణం దాటితే చాలు, తర్వాత చెప్పొచ్చు అనుకున్నాను. ఆ "తర్వాత" రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

సిటీలో ఎముకల డాక్టరు గారు చూసి, "లిగమెంటు పూర్తిగా తెగలేదు. వాపు దిగి కండ బలపడితే కత్తి అక్కర్లేదు. దిగకపోతే తెరిచి చూడాల్సిందే" అన్నారు. తెరిస్తే పోటీలు లేవు. పోటీలు లేకపోతే పర్మనెంట్ లేదు. ఆటోలో తిరిగొస్తూ అంబర్‌పేట్ దాటాం. అప్పుడు అత్తమ్మ అంది. "సారూ, ఏం జెయ్యాల్నో జెప్పు. నేను జేపిస్త. నాతోనే ఖరాబైంది, నేనే నిలవెడ్త."

అప్పుడైనా చెప్పాల్సింది. కానీ ఆ మాట విన్న నాకు ముందుగా తట్టింది వేరు. ఇంత పట్టుదల ఉన్న మనిషి ఇంట్లో ఉంటే మోకాలు తప్పకుండా బాగవుతుంది అనిపించింది. ఫిజియోథెరపీ చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నేను ఆమె బాధను మందులా వాడుకున్నాను. పనిచేసింది కూడా. అందుకే ఇంకా సిగ్గు.

వాపు దిగేదాకా ఐసు. సోడా బండి దగ్గర రంపపు పొట్టులో దాచిన గడ్డలు తెచ్చి, రోకలితో నలగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి పెట్టేది అత్తమ్మ. ఆ వారం సోడా కోసం వచ్చిన వాళ్ళందరూ వెచ్చని సోడా తాగారు. తర్వాత వ్యాయామాలు. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి దాన్ని కిందికి నొక్కి పట్టాలి, తొడ కండ బిగియాలి. ఆ తర్వాత కాలు తిన్నగా లేపి పట్టుకోవాలి. ఇంట్లో పెడితే బద్ధకిస్తున్నాడని ఆమె అతన్ని మిర్చి బండి వెనక బెంచీ మీదికి తెచ్చింది. గడియారం లేదు. నూనె మూకుడే గడియారం.

"మిర్చి ఏసిన. లేపు కాలు." మిర్చి నూనెలో మునిగి పైకి తేలేదాకా కాలు గాల్లో ఉండాలి. "తేలలే, తేలలే, ఇంక తేలలే... ఆ, దించు."

"అత్తమ్మా, నీ మిర్చి ఇయ్యాల తేలుతనే లేదు" అని మూలిగేవాడు.

"నీ కాలు లేస్తె నా మిర్చి తేల్తది."

షిఫ్టు దిగినవాళ్ళు మిర్చి తింటూ లెక్క పెట్టేవారు. ఆడవాళ్ళు నవ్వేవారు. ఆమె వ్యాపారం పెరిగింది. పాత ప్యాంటు కాలు కత్తిరించి ఇసుక పోసి కుట్టిన మూటను చీలమండకు కట్టాం. అది ఎవరి ప్యాంటో తెలిశాక కెప్టెన్ రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

ఉప్పల్‌లో అప్పటికి ఇంకా ద్రాక్ష తోటలు అక్కడక్కడా మిగిలున్నాయి. ఒక తోటలో మోటారు నీళ్ళు పడే పెద్ద హౌజు ఉండేది. నడుం లోతు నీళ్ళలో నడిస్తే ఒంటి బరువు మోకాలి మీద సగం కూడా పడదు. కావలివాడు ఒకే షరతు పెట్టాడు. "నీళ్ళల్ల ఎంతన్న నడువు, పండ్ల దిక్కు సూడకు." ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేవాళ్ళం. అతను హౌజులో గుండ్రంగా తిరుగుతుంటే పిల్లలిద్దరూ గట్టు మీద పరుగెత్తుతూ కూత పెట్టేవారు. నా జీవితంలో నేను చేసిన వైద్యంలో అంత ఆనందమైంది ఇంకోటి లేదు.

చివరి దశలో ఒంటికాలి మీద నిలబడటం. ఊరికే నిలబడితే చాలదు, మనసు ఇంకో పని మీద ఉండగా మోకాలు తనను తాను కాచుకోవాలి. అత్తమ్మకు అది వెంటనే నచ్చింది. అతన్ని బండి పక్కన ఒంటికాలి మీద నిలబెట్టి, చెప్పకుండా ఉల్లిగడ్డ విసిరేది. పట్టుకుంటే సరి. కింద పడితే ఆ ఉల్లిగడ్డ అతనే తరగాలి. మొదట్లో రోజూ ఏడుస్తూ తరిగాడు.

ఇన్ని నవ్వుల మధ్య ఒకటి నేను చూసీ చూడనట్టు వదిలేశాను. బస్తీ పిల్లలు బెణుకులతో ఆమె దగ్గరికి రావడం మానేశారు. నా దగ్గరికి వస్తున్నారు. "అత్తమ్మా, వేడి మిర్చికి పెట్టు, మోకాలికి వద్దు" అని గేటు దగ్గర ఎవరో ఒకరు అనేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చేది.

పోటీలు వచ్చాయి. మొదటి రోజు పొద్దున మైదానంలో సున్నంతో గీత గీశాను. మంచి కాలి మీద గెంతితే ఎంత దూరం పోతాడో, దెబ్బ తగిలిన కాలి మీదా అంత దూరం పోవాలి. బెత్తెడు తక్కువ పడ్డాడు.

"బెత్తెడేగా" అన్నారు మేనేజర్ గారు. "దించవయ్యా."

నాకు ఆ "పెంచవయ్యా" వినపడింది. "లేదండీ" అన్నాను. "గీత దాటితేనే దిగుతాడు. ఫైనల్ పొద్దున మళ్ళీ గెంతిస్తాను."

"ఫైనల్ దాకా మనం పోకపోతే? వాడి ఉద్యోగం?"

జట్టంతా నా వైపు చూసింది. అత్తమ్మ ముందుకొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "సారు జెప్పినట్టే గానీయున్రి. ఒక్కపారి సారు మాట ఇనక నేను జేసింది సాలు" అంది. నేను తల దించుకున్నాను. అందరూ దాన్ని గాంభీర్యం అనుకున్నారు.

జట్టు పడుతూ లేస్తూ ఫైనల్‌కు చేరింది. ఆ పొద్దున అతను గీత దాటి, నా బూట్ల మీద దిగాడు. మోకాలికి టేపు చుట్టి, రెండో సగంలో దింపాం. మొదటి కూతలోనే అవతలి మూల దాకా వెళ్ళి, సరిగ్గా దెబ్బ తగిలిన రోజులాగే పాదం నాటి గిరుక్కున తిరిగాడు. మా వైపు ఒక్కరూ గాలి పీల్చలేదు. మోకాలు నిలిచింది. ఇద్దర్ని తాకి గీత మీద పడ్డాడు. మైదానమంతా పాయింట్లు చూస్తుంటే మా ఫ్యాక్టరీవాళ్ళందరూ మోకాలు చూశారు. లేచి నిలబడి, ఒంటికాలి మీద గెంతి చూపించాడు. అత్తమ్మ ఎక్కడి నుంచో ఉల్లిగడ్డ విసిరింది. పట్టుకున్నాడు.

ఆ ఫైనల్ మేము ఓడిపోయాం. ఆ సంగతి మాకు చాలాసేపటి దాకా గుర్తు రాలేదు. మేనేజర్ గారు టై విప్పి చిందులేశారు. అత్తమ్మ మూకుడులో మిర్చి అందరికీ ఊరికే పంచింది, గెలిచినవాళ్ళకు కూడా. ఆ తర్వాతి నెల నుంచి అతను పర్మనెంట్ అయ్యాడు.

సన్మానంలో నాకు శాలువా కప్పి మైకు ఇచ్చారు. ముందు వరుసలోంచి అత్తమ్మ లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. "నేను జెడగొట్టిన కాలు నువ్వు బాగు జేసినవ్ సారూ." నేను "అలా అనకండి అత్తమ్మా" అన్నాను. నా వినయానికి చప్పట్లు కొట్టారు. మైకు చేతిలోనే ఉంది. వాతావరణం గురించి, క్రీడాస్ఫూర్తి గురించి మాట్లాడి దిగిపోయాను.

ఈ మధ్య ఆ ఆటగాడు రిటైరయ్యాడు. ఉప్పల్‌లో ఒక హాల్లో విందు. వెళ్ళేసరికి మనవరాలు అతని మోకాలి మీదే ఎక్కి కూర్చుని ఉంది. నేనూ యాభై దాటాను. రెండు నెలల కిందట బాత్రూంలో జారి మణికట్టు బెణికింది, ఇంకా పట్టీ ఉంది. అది చూసి కెప్టెన్ "సార్, కరెంట్ పెట్టించుకోకపోయిన్రా?" అన్నాడు. అత్తమ్మ మాత్రం నా మణికట్టు దాకా చెయ్యి చాపి, తాకకుండా వెనక్కి తీసుకుంది.

"చూడండి అత్తమ్మా" అన్నాను.

"నేను ముట్టుడు ఇడిసిపెట్టిన సారూ. గప్పటి సంది ఎవ్వలను ముట్టలే. నా మనుమరాలు మడిమె తిప్పుకున్నప్పుడు ఆకు తెంపబోయి, వద్దులే, నా చెయ్యి మంచిది గాదనుకున్న."

పక్కన కూర్చుని, ఆమె చెవి దగ్గరగా అంతా చెప్పేశాను. నిన్నటి దెబ్బ, కొబ్బరికాయ, మిషన్, పెంచవయ్యా, అదీ సంగతి. ఆమె వింటూ ఎదురుగా గోడను చూసింది.

"అయితె నా ఆకుతోని గాలేదా?"

"కాలేదు."

"నీకు ఎరుకేనా?"

"ఆ రోజే తెలుసు."

కొంగుతో మూతి తుడుచుకుంది. కోపమో నవ్వో తెలియలేదు. "గట్లయితె చెవుల జెప్తవేంది సారూ? గప్పుడు అందరి ముంగట అన్నవ్ గదా." వేదిక వైపు గడ్డం ఎత్తి చూపింది. "గా మైకు ఖాళీగనే ఉన్నది."

లేచాను. మైకు దగ్గరికి పోతుంటే ఏదో ప్రశంస చెబుతానని ముందే చప్పట్లు మొదలయ్యాయి. ఆగేదాకా నిలబడ్డాను.

"ఇతని మోకాలు ఆనాడు వాచింది అత్తమ్మ పెట్టిన ఆకుతో కాదు. నేను పెట్టిన కరెంట్‌తో. పెట్టకూడదని తెలిసీ పెట్టాను, వాచాక తెలిసీ ఊరుకున్నాను. మీరంతా ఆమెను అన్న మాటలు నన్ను అనాల్సినవి. అత్తమ్మా, తప్పు నాది, క్షమించండి. ఈ మణికట్టు బెణికి రెండు నెలలైంది, దీనికి వేడి పెట్టొచ్చు. ఆకు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, నేనే తెంపుకొస్తాను."